112 ఓటముల ఏడాది: ఓక్లాండ్ ఏస్‌తో నా అనుభవం

2023 మార్చి 30 రాత్రి బార్ట్ రైల్లో ఫ్రీమాంట్‌కి తిరిగొస్తుంటే నాకు గొంతు పెగల్లేదు, అంతలా అరిచాను. మా ఓక్లాండ్ అథ్లెటిక్స్, మేమంతా ఏస్ అని పిలుచుకునే బేస్‌బాల్ టీమ్, సీజన్ మొదటి మ్యాచ్‌లో ఏంజెల్స్ మీద 2-1తో గెలిచింది. వాళ్ళ తరఫున బంతి వేసింది జపాన్ స్టార్ షోహెయ్ ఒహ్తాని. ఆరు ఇన్నింగ్స్ వేసి పది మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైక్‌లతో అవుట్ చేశాడు, ఒక్క పరుగు ఇవ్వలేదు. అతను తప్పుకున్నాక ఎనిమిదో ఇన్నింగ్‌లో మా టోనీ కెంప్ డబుల్, అంటే రెండో బేస్ దాకా చేర్చే దెబ్బ, కొట్టి స్కోరు సమం చేశాడు, వెంటనే అలెడ్మిస్ డియాజ్ కొట్టిన దెబ్బకి రెండో పరుగు వచ్చింది. అంతే, స్టేడియం లేచి నిలబడింది.

రైలు దిగకముందే నాన్నకి ఫోన్ చేశాను. ఒంగోల్లో అప్పుడు పొద్దున పదిన్నర. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, బేస్‌బాల్ సంగతి ఆయనకి నా వల్లే తెలుసు. మామూలు రోజుల్లో మా మ్యాచ్ ఇక్కడ సాయంత్రం 6:40కి మొదలైతే అక్కడ పొద్దున 7:10 అయ్యేది. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్లో స్కోరు చూడటం ఆయనకి అలవాటైపోయింది.

"గెలిచారటగా అమ్మా, ఒహ్తాని ఆడినా సరే!" అన్నారు.

"ఈ ఏడు మనవాళ్ళు బాగా ఆడతారు నాన్నా, చూడండి" అన్నాను. అప్పుడు నిజంగానే నమ్మాను.

ఒక రోజు విరామం ఇచ్చి రెండో మ్యాచ్ ఆడారు. 13-1తో ఓడిపోయాం. ఒక్క మూడో ఇన్నింగ్‌లోనే పదకొండు పరుగులు ఇచ్చేశారు.

ఈ టీమ్ మీద నాకెందుకింత ప్రేమ అని మా ఆయన ఇప్పటికీ అడుగుతారు, ఆయనకి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు. నేను అమెరికా వచ్చింది 2012లో. ఆ అక్టోబర్ 3న ఆఫీసులో వాళ్ళు నన్ను ఏస్ స్టేడియం కొలిసియంకి తీసుకెళ్ళారు, ఏం జరుగుతోందో నాకు సగం కూడా అర్థం కాలేదు. ఆ సీజన్లో జూన్ 30 నాటికి ఏస్ తమ డివిజన్లో, అంటే లీగ్‌లో తమ గుంపు టీమ్‌లలో, మొదటి స్థానానికి 13 మ్యాచ్‌లు వెనకబడి ఉన్నారట. అలాంటిది ఆఖరి రోజుకి టెక్సస్ రేంజర్స్‌తో సమానంగా వచ్చి, ఆ రోజు 12-5తో గెలిచి డివిజన్ ఎగరేసుకుపోయారు. జాష్ హామిల్టన్ చేతిలోకి వచ్చిన బంతిని జారవిడిచాడు, రెండు పరుగులు వచ్చాయి. నా వెనక సీటావిడ, ముక్కూ మొహం తెలియని మనిషి, నన్ను పట్టుకుని ఏడ్చేసింది. వచ్చి నెలలు కూడా నిండని ఊళ్ళో ఒకరు నన్ను అలా దగ్గరికి తీసుకోవడం అదే మొదలు. ఆ రోజు నుంచి ఇది నా టీమ్.

తర్వాత మంచి ఏళ్ళూ చూశాం, చెడ్డ ఏళ్ళూ చూశాం. కానీ 2022 నుంచి జరిగింది వేరు. బాగా ఆడే వాళ్ళని ఒక్కొక్కర్నే వేరే టీమ్‌లకి ఇచ్చేశారు. మ్యాట్ ఓల్సన్ అట్లాంటాకి, మ్యాట్ చాప్‌మన్ టొరంటోకి, క్రిస్ బాసిట్ న్యూయార్క్‌కి, ఆ డిసెంబర్లో షాన్ మర్ఫీ కూడా అట్లాంటాకే. ఆ ఏడాది 102 మ్యాచ్‌లు ఓడిపోయాం. 2023 మొదలయ్యే నాటికి లీగ్ మొత్తంలో ఆటగాళ్ళ జీతాల మీద అందరికంటే తక్కువ ఖర్చు పెట్టే టీమ్ మాదే. మైదానంలో ఉన్న కుర్రాళ్ళలో సగం మంది పేర్లు మాకే కొత్త. వాళ్ళ తప్పేం లేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ పిల్లలు, ఇంకో రెండేళ్ళు కింది లీగుల్లో నేర్చుకోవలసిన వాళ్ళు, ఉన్నపళంగా వచ్చి పెద్ద పెద్ద బ్యాటర్లకి బంతులు వేస్తున్నారు. ఏప్రిల్ 14న న్యూయార్క్ మెట్స్ వచ్చినప్పుడు మావాళ్ళు 17 వాక్‌లు ఇచ్చారు. వాక్ అంటే నాలుగు బంతులు స్ట్రైక్ జోన్, అంటే బ్యాటర్ ముందు నియమిత పరిధి, బయట వేస్తే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కి నడిచి వెళ్ళిపోవడం. పదిహేడు మంది అలా నడిచారు. మ్యాచ్ 17-6తో పోయింది.

ఇక్కడ నా పక్క సీటు పెద్దాయన గురించి చెప్పాలి. డెబ్భై దాటినాయన, మూడో బేస్ వైపు రెండో అంతస్తులో ఏళ్ళ తరబడి ఒకే చోట కూర్చునేవారు. నాకు స్కోరు రాయడం నేర్పింది ఆయనే. మైదానంలో ప్రతి స్థానానికీ ఒక అంకె ఉంటుంది. బంతి వేసే పిచర్ 1, బ్యాటర్ వెనక అందుకునే క్యాచర్ 2, మొదటి బేస్ 3, రెండో బేస్ 4, మూడో బేస్ 5, రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఎడమ నుంచి కుడికి అవుట్‌ఫీల్డర్లు 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి ఆపి మొదటి బేస్‌కి విసిరి అవుట్ చేస్తే స్కోర్‌బుక్‌లో ఆ బ్యాటర్ గడిలో 6-3 అని రాస్తాం. స్ట్రైకౌట్ అయితే కే అక్షరం, బ్యాట్ తిప్పకుండా నిలబడిపోయి అవుటైతే తిరగేసిన కే. బ్యాటర్ ఒక్కో బేస్ దాటే కొద్దీ గడిలో ఒక్కో గీత గీస్తాం, నాలుగు గీతలు కలిస్తే ఒక పరుగు. పెన్సిల్‌తోనే రాయాలంటారాయన, ఎందుకంటే అంపైర్లు నిర్ణయం మార్చుకుంటారు. నాకు ఓటముల్లో మతి నిలిపింది ఆ పుస్తకమే. 11-2తో వెనకబడ్డ మ్యాచ్‌లో కూడా తర్వాతి గడి ఒకటి ఉంటుంది, చూసి రాయాలి.

ఏప్రిల్ 19. ఆ రోజే మేసన్ మిల్లర్ అనే కుర్రాడు మొదటిసారి మా తరఫున వేశాడు, గంటకి వంద మైళ్ళు దాటిన బంతులు. చాలా రోజుల తర్వాత సంతోషంగా అనిపించింది. ఆ రాత్రే వార్త వచ్చింది, టీమ్ లాస్ వేగస్‌లో స్టేడియం కోసం స్థలం కొనడానికి ఒప్పందం చేసుకుందని. వంటింట్లో అంట్లు కడుగుతూ ఫోన్ చూశాను. కుళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయి నిలబడిపోయాను. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. "అమ్మా, ఏస్ వెళ్ళిపోతే మనం ఎవరి టీమ్?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఓక్లాండ్ వాళ్ళకి ఇది మూడో దెబ్బ. బాస్కెట్‌బాల్ వారియర్స్ 2019లో శాన్‌ఫ్రాన్సిస్కోకి వెళ్ళిపోయారు, ఫుట్‌బాల్ రైడర్స్ 2020లో లాస్ వేగస్‌కే వెళ్ళారు. 1968 నుంచి ఈ ఊళ్ళో ఉండి 1972, 73, 74ల్లో వరసగా, మళ్ళీ 1989లో వరల్డ్ సిరీస్ గెలిచిన టీమ్ ఇది. అప్పటికి మిగిలింది ఇదొక్కటే.

మర్నాడు పెద్దాయన ఫోన్ చేశారు. ఇక తను ఒక్క టికెట్ కూడా కొననని చెప్పారు. మనం ఇచ్చే ప్రతి డాలరూ మనల్ని వదిలిపోతున్న యజమానికే చేరుతుంది కదా అన్నారు. నిజమే. కానీ నేను వెళ్ళకపోతే? ఖాళీ సీట్ల ఫొటోలు చూపించి ఓక్లాండ్‌లో అభిమానులే లేరు, అందుకే తరలిస్తున్నాం అంటారు. వెళితే డబ్బిచ్చినట్టు, మానేస్తే వాళ్ళ మాట నిజం చేసినట్టు. ఆ ఏడాదంతా ఓటముల కన్నా ఎక్కువగా నన్ను తిన్నది ఈ ఆలోచనే. ఎన్నో రాత్రులు మా ఆయనతో ఇదే వాదన. ఆయన ఒకసారి విసుగొచ్చి, "నువ్వు ఆడేవాళ్ళ కోసం వెళ్తున్నావా, ఆ యజమాని కోసమా?" అన్నారు. ఆడేవాళ్ళ కోసం అన్నాను. "అయితే వెళ్ళు" అన్నారు. అలా వెళ్తూనే ఉన్నాను, కాకపోతే లోపల ఏమీ కొనడం మానేశాను. బార్ట్ స్టేషన్ నుంచి స్టేడియంకి వెళ్ళే వంతెన మీద బండ్లు పెట్టుకుని హాట్ డాగ్‌లు అమ్మేవాళ్ళ దగ్గరే మా అబ్బాయికి కొనిపెట్టేదాన్ని, నాకు ఇంటి నుంచి పులిహోర డబ్బా.

మే 15, సోమవారం. అరిజోనాతో మ్యాచ్. నలభై ఆరు వేలకి పైగా పట్టే స్టేడియంలో ఆ రాత్రి టికెట్ల లెక్క 2,064. ఒంగోల్లో మా వీధి పెళ్ళిళ్ళకి అంతకంటే ఎక్కువ మంది వస్తారు. కళ్ళతో చూస్తే అంత మంది కూడా లేరు. ఆ రాత్రి నేను ఎప్పుడూ వినని చప్పుళ్ళు విన్నాను. క్యాచర్ గ్లవ్‌లో బంతి పడే చప్పుడు, మూడో బేస్ దగ్గర ఫీల్డర్ బూట్లతో మట్టి రుద్దే చప్పుడు, బంతి నిటారుగా పైకి లేచినప్పుడు ఇద్దరు ఫీల్డర్లు నాది నాది అని అరుచుకోవడం, అంతా రెండో అంతస్తు దాకా వినిపించింది. కుడివైపు బ్లీచర్స్ అనే బల్లల వరసల్లో డప్పులు కొట్టేవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళు కొడుతుంటే ఆ శబ్దం ఎదురుగా ఉన్న ఖాళీ కాంక్రీటుకి తగిలి తిరిగొచ్చేది. ఎదురుగా ఉన్నది మౌంట్ డేవిస్, రైడర్స్ కోసం తొంభైల మధ్యలో కట్టిన పెద్ద గోడలాంటి స్టాండ్. అది కట్టక ముందు అక్కడి నుంచి ఓక్లాండ్ కొండలు కనపడేవని పెద్దాయన ఎన్నిసార్లు చెప్పారో.

మే 28 నాటికి లెక్క 10 గెలుపులు, 45 ఓటములు. వరసగా పదకొండు ఓడిపోయి ఉన్నాం. అప్పుడు అట్లాంటా వచ్చింది, ఓల్సన్‌నీ మర్ఫీనీ వెంటబెట్టుకుని. మా ఇంట్లో పెరిగి పక్కింటికి వెళ్ళిపోయిన పిల్లల్ని చూసినట్టుంది. ఓల్సన్ ఆ ఏడాది 54 హోమ్ రన్లు, అంటే కంచె దాటే దెబ్బలు, కొట్టాడు. అతను బ్యాటింగ్‌కి వస్తే మావాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. మెమోరియల్ డే సెలవు రోజున, మే 29న, మేం 7-2తో గెలిచాం! మర్నాడు కూడా గెలిచాం. నాన్న పొద్దున్నే ఫోన్ చేసి, "ఏంటమ్మా, మనవాళ్ళకి ఏమైంది?" అని నవ్వారు.

అసలు మాట జూన్ 13. అభిమానులంతా కలిసి ఒక మంగళవారం ఎంచుకున్నారు, మామూలుగా ఎవరూ రాని రోజు. బాయ్‌కాట్ కాదు, దానికి ఎదురు. అందరూ రావాలి, వచ్చి స్టేడియం నింపాలి, ఊళ్ళో జనం ఉన్నారో లేరో కళ్ళతో చూడనివ్వాలి. ఓక్లాండ్ 68స్ అనే అభిమానుల సంఘం పచ్చ చొక్కాలు అచ్చు వేయించి పార్కింగ్‌లో ఉచితంగా పంచింది, ఛాతీ మీద ఒకటే మాట, అమ్మెయ్. అంటే టీమ్‌ని ఇక్కడే ఉంచే వాళ్ళకి అమ్మెయ్యమని. పెద్దాయనకి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, తన స్కోర్‌బుక్ ఎక్కడ పెట్టారో వెతుక్కోవాలి అన్నారు.

ఇక్కడ ఇంకో విచిత్రం చెప్పాలి. జూన్ మొదట్లో 12-50గా ఉన్న టీమ్ సరిగ్గా ఆ వారమే గెలవడం మొదలుపెట్టింది. పిట్స్‌బర్గ్‌లో రెండు, మిల్వాకీలో మూడుకి మూడు, ఇంటికొచ్చి టాంపా బే రేస్ మీద ఒకటి. రేస్ అప్పటికి లీగ్‌లోనే అందరికంటే మంచి రికార్డు ఉన్న టీమ్.

ఆ సాయంత్రం రైల్లో కాలు పెట్టే చోటు లేదు. 27,759 మంది వచ్చారు. పెద్దాయన వచ్చి తన పాత సీట్లో కూర్చుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, పెన్సిల్ చెక్కుకుని, ఏమీ జరగనట్టు మొదటి బ్యాటర్ పేరు రాశారు. ఐదో ఇన్నింగ్ మొదట్లో ముందే అనుకున్నట్టు అందరూ మౌనంగా నిలబడ్డారు. ఇరవై ఏడు వేల మంది ఉన్న చోట మౌనం ఎలా ఉంటుందో నేను రాయలేను. చేతుల మీద రోమాలు లేచాయి. తర్వాత ఒక్కసారిగా అందరూ, టీమ్ అమ్మెయ్, టీమ్ అమ్మెయ్ అని. మా అబ్బాయి నా భుజం పట్టుకుని సీటు మీద నిలబడి అరుస్తున్నాడు, పెద్దాయన అరవకుండా నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. మ్యాచ్ 2-1తో గెలిచాం. వరసగా ఏడోది!

అదే రోజు నెవాడా రాష్ట్ర సెనేట్ లాస్ వేగస్ స్టేడియంకి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చే బిల్లు పాస్ చేసింది. రైల్లో తిరిగొస్తుంటే ఎవరి ఫోన్లోనో ఆ వార్త వచ్చింది, బోగీలో ఒకరి నుంచి ఒకరికి పాకింది. పాడుతున్న వాళ్ళు పాట ఆపేశారు. మా అబ్బాయి ఆ పచ్చ చొక్కా వేసుకునే నా ఒళ్ళో నిద్రపోయాడు. ఆ రాత్రికి ఆ రెండూ జరిగాయి, ఏది పెద్దదో నాకిప్పటికీ తేలలేదు.

మర్నాటి నుంచి మళ్ళీ ఓటములే.

జూన్ 28న న్యూయార్క్ యాంకీస్‌తో మ్యాచ్‌కి నేనూ మా అబ్బాయీ వెళ్ళాం. పెద్దాయన మళ్ళీ రావడం మానేశారు. వాళ్ళ పిచర్ డొమింగో హెర్మాన్. మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి మావాళ్ళ పేజీలో తొమ్మిది గళ్ళు, తొమ్మిది అవుట్లు. పెద్దగా పట్టించుకోలేదు, ఆ ఏడాది మాకది కొత్త కాదు. ఐదో ఇన్నింగ్‌లో సెత్ బ్రౌన్ గట్టిగా కొట్టాడు, ఇది పోయింది అనుకుంటే మొదటి బేస్ దగ్గర వాళ్ళ ఫీల్డర్ రిజో పడి మరీ ఆపాడు. అప్పుడు పేజీ మొత్తం ఒకసారి చూశాను. గళ్ళలో అంకెలు ఉన్నాయి, కేలు ఉన్నాయి, బేస్ గీత ఒక్కటి లేదు. ఎవరూ మొదటి బేస్ మీద కాలు పెట్టలేదు. మ్యాచ్ మొత్తం అలాగే సాగితే దాన్ని పర్‌ఫెక్ట్ గేమ్ అంటారు. మా అబ్బాయి చూసి ఏదో అనబోతే నోరు మూశాను. పర్‌ఫెక్ట్ గేమ్ జరుగుతున్నప్పుడు ఆ మాట పైకి అనరు, మన దిష్టి లాంటిదే. అంటే పోతుందంటారు. నిజానికి నేను పోవాలనే కోరుకోవాలి కదా, మా టీమ్ మీద జరుగుతోంది! అయినా చెయ్యి వెళ్ళి వాడి నోరు మూసింది.

తొమ్మిదో ఇన్నింగ్, రెండు అవుట్లు. ఎస్టేరీ రూయిజ్ వచ్చాడు, మా అబ్బాయి ప్రాణం. వాడు కళ్ళు మూసుకున్నాడు. రూయిజ్ కొట్టిన బంతి మూడో బేస్‌కి వెళ్ళింది, డొనాల్డ్‌సన్ తీసి మొదటి బేస్‌కి విసిరాడు. 5-3. ఇరవై ఏడో గడి. 99 బంతులు, 9 స్ట్రైకౌట్లు, 11-0. మేజర్ లీగ్ చరిత్రలో 1880 నుంచి లెక్కపెడితే ఇరవై నాలుగో పర్‌ఫెక్ట్ గేమ్. నేను ఆ 5-3 రాయడానికి పెన్సిల్ పెట్టి చాలాసేపు రాయలేకపోయాను. రాస్తే అయిపోయినట్టే. చివరికి రాసి, లేచి చప్పట్లు కొట్టాను. అవతలి కుర్రాడు చేసింది అంత గొప్ప పని.

ఇంటికొచ్చేసరికి పెద్దాయన మెసేజ్. టీవీలో చూశారట. 2010 మే 9న, మదర్స్ డే రోజు, ఇదే కొలిసియంలో మా డాలస్ బ్రేడెన్ టాంపా బే మీద పర్‌ఫెక్ట్ గేమ్ వేసినప్పుడు తను రాసిన పేజీ ఫొటో తీసి పంపారు. అంచులు పసుపు తిరిగిన కాగితం, చిన్న చిన్న అంకెలు, ఆఖరి గడిలో 6-3. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకోమన్నారు. నాన్నకి కూడా పంపాను ఆ ఫొటోలు. ఆయనకి గళ్ళు అర్థం కాలేదు గానీ, "రైల్వే చార్టులా భలే ఉందమ్మా" అన్నారు.

మిగిలిన సీజన్ గబగబా చెప్పేస్తాను. జూలైలో జ్యాక్ గెలోఫ్ అనే కుర్రాడొచ్చి 69 మ్యాచ్‌ల్లో 14 హోమ్ రన్లు కొట్టాడు. బ్రెంట్ రూకర్‌ని అంతకు ముందు ఎవరూ అట్టేపెట్టుకోలేదు, మా దగ్గర 30 హోమ్ రన్లు కొట్టి ఆల్‌స్టార్ అయ్యాడు. రూయిజ్ 67 బేస్‌లు దొంగిలించాడు, అంటే బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరుకున్నాడు, అమెరికన్ లీగ్‌లో కొత్త ఆటగాడికి అది రికార్డు. రూయిజ్ మొదటి బేస్ మీదుంటే చాలు, మా అబ్బాయి ఊపిరి బిగబట్టేవాడు. సెప్టెంబర్లో స్టేడియం చల్లగా, సగానికి సగం చీకటిగా ఉండేది, అయినా వాడు పోదాం పద అని ఒక్కసారీ అనలేదు.

లెక్క చివరికి 50-112. ఓక్లాండ్ వచ్చాక ఏస్‌కి అన్నిటికంటే ఎక్కువ ఓటములు, అంతకు ముందు 1979లో 108 అయ్యాయి. నవంబర్ 16న లీగ్‌లోని ముప్పై టీమ్‌ల యజమానులు ఓటు వేశారు, తరలింపుకి 30-0. ఆ ముప్పైలో ఒక్కరైనా కాదంటారని నేను చివరి దాకా ఆశ పెట్టుకున్నాను. ఆ రోజు ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడలేదు.

2024 మార్చి 28న కొత్త సీజన్ మొదలైంది, మళ్ళీ కొలిసియంలోనే, క్లీవ్‌లాండ్‌తో. ఈసారి టికెట్ కొనలేదు. అభిమానులు చాలామంది లోపలికి వెళ్ళకుండా పార్కింగ్‌లోనే పండగ చేసుకున్నారు. పెద్దాయన తన కారు బానెట్ మీద చిన్న రేడియో పెట్టారు, పక్కన రెండు స్కోర్‌బుక్‌లు పరిచాం, గాలికి ఎగరకుండా నా పులిహోర డబ్బా ఒక దాని మీద పెట్టాను. గోడ అవతల మ్యాచ్ జరుగుతోంది, మేం ఇవతల వింటూ రాస్తున్నాం. 8-0తో ఓడిపోతున్నాం. ఏడో ఇన్నింగ్‌లో ఆయన పెన్సిల్ విరిగింది, మా అబ్బాయి తన బ్యాగులోంచి ఒకటి తీసిచ్చాడు.